అటుపక్క పాలు

పిల్ల కక్కినాదంటే తల్లి పాలే తప్పని ఎవులైనా నా ఎదర అన్నారంటే ఆళ్ళకి ఆ పూట మూడినట్టే. నా నోరు మంచిది కాదని కాలనీ అంతా తెలుసు. నన్ను సూసి కుళాయి కాడ బిందె ఎనక్కి లాక్కునేవోళ్ళున్నారు. లాక్కోనీ, నాకేటి. ఈ నోరే నేకపోతే నా కూతురు తవిటమ్మ ఈపాటికి మట్టిలో ఉండును.

ముందు పుట్టినోడి గురించి సెప్పాల. ఆడికి పేరెట్టే పూట రానేదు, బుల్లోడు అనేవోళ్ళం. అప్పుడికి మా ఊరు ఇంకా ఊరుగానే ఉన్నాది. స్టీలు ప్లాంటుకి బూములు తీసుకుంటారట అని అనుకోడమే గానీ ఎవులూ కదల్నేదు. ఒకపక్క జీడితోటలు, ఒకపక్క సోడిసేలు, గాలి తిరిగితే సముద్రం రొద ఇనిపించేది. మా అయ్యకి సొంత అప్ప నారాయణమ్మ. ఆవిడ కొడుకు అప్పలసూరికి నన్నిచ్చినారు. మేనత్త ఇల్లే గదా, పరాయి కొంప కాదు గదా అని మా యమ్మ తెగ సంబరపడిపోనాది.

బుల్లోడు పాలు తాగి కక్కేవోడు. పిల్లలన్నాక కొంచెం కక్కుతారు, అది ఏరు. ఈడు తాగిందంతా కక్కేవోడు, నోట్లోంచీ ముక్కులోంచీ. సన్ను పట్టుకుని ఆబగా నాలుగు గుక్కలు తాగేవోడు, అంతలోనే వొదిలేసి, ఈపు ఎనక్కి ఇరిసేసి, మొకం కందగడ్డ సేసుకుని కెవ్వుమని ఏడిసేవోడు. ఏడిసేడిసి మళ్ళీ సన్ను కోసరం ఎతుక్కునేవోడు. తాగితే మంట, తాగకపోతే ఆకలి. ఆ గుంటడు ఏటి సెయ్యాల? నాను ఏటి సెయ్యాల?

మా అత్త కొన్నాళ్ళు సూసినాది. ఒకనాడు పొద్దుటే ఉగ్గుగిన్నె కడిగి తెచ్చి నా ఎదర ఎట్టి, "ఇందులో పాలు పిండే వరాలూ" అన్నాది. నా పేరు వరహాలమ్మ, అందరూ వరాలనే పిలుత్తారు. మా ఇళ్ళల్లో అదో పరీచ్చ. బిడ్డ అదేపనిగా కక్కుతుంటే తల్లి పాలల్లో గండుసీమని ఏత్తారు. సీమ బతికి బైటికొస్తే పాలు మంచియ్యి, సచ్చిపోతే ఇసప్పాలు. నాను పిండినాను. అత్త గడపకాడ పాకుతన్న సీమని గడ్డిపరకతో ఎత్తి గిన్నెలో రాల్సినాది. సీమ కాళ్ళు కొట్టుకున్నాది, గిరగిరా తిరిగినాది, ఆగిపోనాది. అత్త కొంగు నోటికి అడ్డమెట్టుకుని సాలసేపు ఆ గిన్నెనే సూసినాది.

"ఓలమ్మో, ఇసప్పాలే," అన్నాది. "నాకూ ఇలగే అయినాదే వరాలూ. మన రగతంలోనే ఉన్నాది ఈ ఇసం. నాకు ముందు ఇద్దరు పోనారు. సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంటే నీ మొగుడొక్కడు దక్కినాడు."

ఆ పూట నుంచీ నా బిడ్డని నాకు ఇయ్యనేదు. ఆవుపాలల్లో నీళ్ళు కలిపి ఉగ్గుగిన్నెతో పట్టినారు. ఆటినీ కక్కినాడు. తల్లి ఇసం ఇంకా కడుపులో ఉండిపోనాది అన్నారు. అవతల అరుగు మీద ఆడు ఏడుత్తంటే ఇవతల నా రైక తడిసిపోయేది. ఆ ఏడుపు ఇనిపిత్తే సాలు, పాలు ఆటంతటవే వొచ్చేసేవి. రొమ్ములు రాళ్ళైపోయి, జొరమొచ్చి, గుడ్డెట్టి బిగించి కట్టించుకున్నాను. ఒక్కపాలి ఇయ్యవే అత్తా, ఒక్కపాలి ఇయ్యవే అని ఆవిడ కాళ్ళట్టుకున్నాను.

"నీ సేత్తో నువ్వే సంపుకుంటావేటే?" అన్నాది.

సంపుకుంటానేటో అని నాకూ బయమేసినాది. అందుకే కాళ్ళు వొదిలేసినాను. బుల్లోడి ఏడుపు సన్నగైపోనాది, తరవాత పిల్లికూన కూతంత అయిపోనాది, తరవాత అదీ నేదు.

జీడితోట అంచున పాతినారు. మా ఇంటి పసోళ్ళని పాతే సోటు అదే, అత్త పిల్లలిద్దరూ అక్కడే ఉన్నారు. ఆడోళ్ళు నన్ను అక్కడికి తీసుకెల్లి మట్టి మీద పాలు పిండమన్నారు. పిండకపోతే పసోడు ఆకలేసి తల్లిని ఎతుక్కుంటా వొత్తాడట. బతికున్నప్పుడు ఇసమైన పాలు సచ్చినాక ఆడికి ఎలగ పనికొచ్చినాయే అని అడగడం నాకు అప్పుడు తట్టనేదు. అప్పుడికి నాకీ నోరు నేదు. పిండినాను. ఎండాకాలం మట్టి, పడింది పడినట్టే పీల్సేసుకున్నాది. పాలు ఆగిపోయేవరకూ రోజూ ఎల్లినాను. ఆగిపోనాక కూడా ఊరికినే ఎల్లి కూకునేదాన్ని.

కొన్నేళ్ళకి ఊరు ఖాళీ సెయ్యమన్నారు. బండ్లకి సామానెక్కించి గాజువాక పక్క కాలనీకి వొచ్చేసినాం. రేకుల ఇల్లు, ఈదికో కుళాయి. మా బావ, అదే నా మొగుడు, పోర్టులో ఖనిజం ఓడలకెత్తే కాడ కళాసీ పనికి కుదిరినాడు. సిఫ్టు దిగి ఇంటికొచ్చేతలికి మనిసంతా ఎర్రటి దుమ్ము, కళ్ళూ పళ్ళూ తప్ప ఇంకేటీ కనిపించేది కాదు. ఊరు సుట్టూ ముళ్ళకంచె ఏసేసినారనీ, జీడితోట కొట్టేసి నేల సదును సేసేసినారనీ సూసొచ్చినోళ్ళు సెప్పినారు. ఆ మాట ఇని మా అత్త నా మొకం సూసినాది, నాను ఆవిడ మొకం సూసినాను.

ఆ కాలనీలోనే నాకు ఆడపిల్ల. పెద్దాసుపత్రిలో పుట్టినాది. బొద్దుగా, నల్లగా, గుప్పిళ్ళు మూసుకుని బలే ఉండేది. ఇంటికొచ్చిన కొద్దిరోజులకే కక్కడం మొదలెట్టినాది. అదే కక్కు, అదే ఈపు ఇరవడం, అదే కెవ్వుమనడం. ఆ ఇరిగిన పాల వాసన ముక్కుకి తగిలీతలికి బుల్లోడే కళ్ళ ముందుకొచ్చినాడు. ఇదీ పోద్దేటి? దీన్నీ నా ఒళ్ళోంచి లాక్కుంటారేటి? అప్పుడు నా బతుక్కి ఇంకో ఆలోసన నేదు, అదొక్కటే.

ఆసుపత్రికి తీసుకెల్లినాం. డాక్టరమ్మ పిల్లని అటూ ఇటూ తిప్పి సూసి, "పాలు మాన్పించొద్దు. కొంచెం కొంచెంగా ఇవ్వు. తాగగానే పడుకోబెట్టకు, భుజాన వేసుకుని నిలబెట్టి పట్టుకో. కూర్చునే ఈడు వచ్చేసరికి తగ్గిపోతుంది" అన్నాది. అంతే, పక్క పిల్లని సూడ్డానికి ఎలిపోనాది. బస్సెక్కినాక మా అత్త మూతి తిప్పి, "మందు నేదు, సూది నేదు, ఏటి డాక్టరు అది?" అన్నాది. నిజం సెప్పొద్దూ, నాకూ అలగే అనిపించినాది.

ఇంటికొచ్చినాక అత్త పని అత్తదే. పిల్ల తాగడం అవ్వగానే నా సేతిలోంచి తీసేసుకుని, సాపిన కాళ్ళ మీద ఎల్లకిలా పడుకోబెట్టి, పొట్టకి ఆవదం రాసి, సీర ఉయ్యాల్లో ఏసేసేది. ఏసిన కాసేపటికి గొళ్ళున కక్కేది. "సూసినావా? సూసినావా?" అనేది నాతోటి.

ఇప్పుడు సెప్పేది ఇని నవ్వుకుంటే నవ్వుకోండి. ఎడంపక్క పిల్ల తాగుతంటే కుడిపక్క పాలు కారేవి. అందరికీ కారతాయి, ఇప్పుడు నాకు తెలుసు. బుల్లోడప్పుడు సరిగ్గా తాగనిచ్చినదెక్కడ, తెలవడానికి? మిట్టమద్దేనం బావ డ్యూటీకి ఎలిపోయేవోడు, అత్త గోడవార కునుకు తీసేది, ఈదిలో కుక్క కూడా నేదు. రేకులు కాలిపోయి ఇల్లంతా ఉడికిపోతంటే నాను గోడకి జేరబడి కూకునేదాన్ని. ఆ ఉడుకులో కుడిపక్క సల్లగా తడి తగిలేది. ఎవులో లోపల్నుంచి సన్నగా లాగుతన్నట్టుండేది. ఎడంపక్క పిల్ల గుటక ఇనిపించేది. కుడిపక్క ఇంకో గుటక ఇనిపిత్తాదేటో అని నాను ఊపిరి బిగబట్టి ఇనేదాన్ని.

ఒకనాడు పిల్ల నా ఒళ్ళోనే ఉన్నాది, ఎదర ఉయ్యాల ఊగినాది. గాలే. సముద్రం గాలి మా గుమ్మంలోంచే వొత్తాది. గాలేనని తెలుసు. తెలిసీ నాను పిల్లనెత్తుకుని లెగిసి ఎల్లి ఉయ్యాల్లో సెయ్యెట్టి తడిమినాను. ఏటీ నేదు. సీర మాత్రం ఒక సోట ఎచ్చగా ఉన్నాది. ఎండ పడి ఉంటాది. సెయ్యి తీసి వాసన సూసుకుంటే ఇరిగిన పాలు. పిల్లది అయ్యుంటాది గదా, అదే ఉయ్యాల్లో పడుకుంటాది గదా అని నాకు నానే సెప్పుకున్నాను. సెప్పుకుని వొచ్చి గోడకి జేరబడినా ఆ ఉయ్యాల మీంచి కళ్ళు తీయలేకపోనాను.

నా రైక తడి అత్త కంట్లో పడనే పడినాది.

"ఎన్నాళ్ళ నుంచే అటుపక్క అలగ కారడం?" అన్నాది.

"మొదట్నుంచీ."

ఆవిడ పిల్ల దిక్కు సూడనేదు. నా కుడిపక్క నేల మీదకి సూసినాది, అక్కడెవులో కూకున్నట్టు.

"ఆడే. ఆడి సోటు సదును సేసేసినారు. నువ్వెల్లి పాలు పొయ్యడానికి నేదు. ఇంకెక్కడికెల్తాడు? అమ్మ కాడికి వొచ్చేసినాడు. ఆడి ఎంగిలి పాలు ఈ పిల్లకి ఎలగ పడతాయే?"

తిట్టాలనిపించినాది, తిట్టలేకపోనాను. నాను అనుకుంటన్నదే ఆవిడ పైకి అనేసినాది మరి. ఆ మరసటినాటి నుంచి పిల్లకి పాలిచ్చినప్పుడల్లా కుడిపక్క గుడ్డ మడతెట్టి అదిమి పట్టుకునేదాన్ని. "నేదురా. నీకు నేదు. పోరా" అనేదాన్ని. కన్నకొడుకుని. బతికినన్నాళ్ళూ పాలకోసరం ఏడిసి సచ్చినోడిని. అనేసి ఏడిసేదాన్ని, ఏడిత్తే ఇంకా కారేవి. ఆ గుడ్డ పిండితే గిన్నెడు వొచ్చేవి.

అప్పుడే మా అత్త పిల్లని తవుడికి అమ్మేద్దామన్నాది. పుట్టినోళ్ళు దక్కని ఇళ్ళల్లో మా పక్క ఇది ఉన్నదే. బిడ్డని ఇంకొకామెకి సేటెడు తవుడికి అమ్మేత్తారు. అప్పుడు బిడ్డ కొన్నామెది అయిపోద్ది. ఎతుక్కుంటా వొచ్చిన దెయ్యమైనా ఈ పిల్ల ఆళ్ళది కాదు గావాల అనుకుని తోవ తప్పి పోద్ది. తవిటయ్యలూ తవిటమ్మలూ మా ఊళ్ళల్లో ఇంటికొకరు దొరుకుతారు.

కొనడానికి పక్కింటి కాంతాన్ని పిలిసినాది. కాంతం గోదారి జిల్లా మనిసి, ఆళ్ళాయనదీ పోర్టులోనే ఉద్యోగం. సంకలో ఏడాది కొడుకు, దుక్కలాగ ఉంటాడు, ఇంకా తల్లి పాలే తాగుతాడు.

"పిల్లని కొనుక్కోవడమేంటండీ పిన్నిగారూ! మా ఇళ్ళల్లో లేదండీ ఇది. నాకు భయమండీ బాబూ," అన్నాది కాంతం.

"బయమేటమ్మా, మాటకే," అన్నాది అత్త.

పిల్లని సేటలో పడుకోబెట్టి గడప అవతల కాంతం సేతికిచ్చినాది. కాంతం మా గోలెంలో తవుడు పోసినాది. "ఈ పిల్ల మాది కాదు. మంచైనా సెడ్డైనా నీదే మాట," అన్నాది అత్త. "అలాగేనండీ, నాదే మాట," అని కాంతం నవ్వు ఆపుకోలేక మొకం పక్కకి తిప్పుకున్నాది. పెంచమని మళ్ళీ నా ఒళ్ళో ఎట్టినాది. పిల్లకి తవిటమ్మ అని పేరెట్టేసినాం. నాకూ నవ్వొచ్చినాది గానీ, గుండె మీద బరువు కొంచెం దిగిన మాట నిజం.

కక్కడం మాత్రం ఆగనేదు. తవిటమ్మ మెడ సన్నబడినాది.

ఒకనాడు పొద్దుట మా అత్త ఉగ్గుగిన్నె సింతపండెట్టి తోమి, తళతళలాడించి తెచ్చి నా ఎదర ఎట్టినాది. పక్కన సెంబుతో ఆవుపాలు.

"ఇయ్యాళ్టి నుంచి దీనికి నీ పాలు బందు," అన్నాది.

మా బావ డ్యూటీకి బైల్దేరుతా తువ్వాలు బుజాన ఏసుకుని నిలబడున్నాడు. ఆడి మొకం సూసినాను.

"అమ్మ పెద్దది గదే, అమ్మ సెప్పినట్టు సేద్దాం," అన్నాడు.

"పోనసారి సెప్పినట్టే సేసినాం గదా బావా. ఏటయినాది?"

ఆడు తల దించేసినాడు. మంచోడే, మా బావ. కానీ ఆ మంచితనం ఉప్పుకీ పప్పుకీ పనికి రాదు. అత్త పిల్ల కోసరం సేతులు సాపినాది. నాను పిల్లని గుండెకి కరిసి పట్టుకున్నాను. అప్పుడెందుకో మొన్నటి సేట నా కళ్ళల్లో మెదిలినాది.

"అత్తా, ఈ పిల్ల ఎవులది?" అన్నాను.

"ఏటా అడగడం?"

"ఎవులదో సెప్పు. మొన్న గడపలో నిలబడి ఏటన్నావు?"

అత్త సాపిన సేతులు ఎనక్కి తీసుకున్నాది. మాదే అన్నాదనుకో, ఆ అమ్మకం సెల్లదు, పిల్ల మాదేనని ఎతుక్కునేవోడికి తెలిసిపోద్ది. మాది కాదు అన్నాదనుకో, మరి సేతులు సాపడానికి ఆవిడెవులు? అటూ ఇటూ సూసి, "కాంతానిది," అన్నాది సన్నగా.

"మరి కొన్నామెని అడుగు. ఆవిడ మానమంటే మానేత్తాను," అని ఈదంతా ఇనబడేటట్టు కాంతాన్ని కేకేసినాను.

కాంతం తడి సేతులు సీరకి తుడుసుకుంటా, ఎనకాల పాకే కొడుకుతోటి వొచ్చినాది. సంగతి ఇని, ఈపాలి నవ్వనేదు. "నా పిల్లకి వరాలమ్మగారి పాలే పట్టాలండి పిన్నిగారూ. డాక్టరమ్మ కూడా మాన్పించొద్దనే అన్నదట కదండీ. నేనైతే మాన్పించను," అన్నాది.

"నీకు తెలీదమ్మా. ఆ పాలు ఇసం. నీ కళ్ళతో నువ్వే సూద్దువుగాని," అన్నాది అత్త.

మళ్ళీ గిన్నె. మళ్ళీ పిండినాను. కాంతం ఎదర పిండకపోతే నా పాలు ఇసమని నానే ఒప్పుకున్నట్టు గదా. అత్త గోడవార గండుసీమని ఎత్తి ఏసినాది. అందరం వొంగి సూసినాం. సీమ కాళ్ళు కొట్టుకున్నాది. బైటికి రాయే, రాయే తల్లీ, అంచు పట్టుకో అని నాను లోపల్లోపల బతిమాలుకున్నాను. గిరగిరా తిరిగినాది. ఆగిపోనాది.

కాంతం "అయ్యో," అన్నాది. గిన్నె సూసినాది, తవిటమ్మ సన్నటి మెడ సూసినాది. ఒక అడుగు ఎనక్కేసినాది. మాన్పించెయ్యండి అనే మాట ఆవిడ పెదాల కాడికి వొచ్చేసినాదని నాకు తెలిసిపోనాది. ఆ మాట బైట పడిందంటే నా పిల్ల అయిపోనట్టే. బుల్లోడి పిల్లికూన కూత నా సెవుల్లో ఇనబడినాది, సత్తెపెమానికంగా ఇనబడినాది.

అప్పుడు నాకు కోపమొచ్చినాది. తెలివి కాదు, ఉత్త కోపం. ఆ ఆవుపాల సెంబు అంత సుబ్బరంగా, పెద్దమనిసిలాగ పక్కన కూకుని ఉంటే నాకు మండిపోనాది.

"నా ఒక్కదాని పాలకేనేటి పరీచ్చ? దీనికి నేదేటి?" అని ఉగ్గుగిన్నె గుమ్మంలో పారబోసి, సెంబులో ఆవుపాలు అందులోకి వొంపేసి, నా సేత్తో నానే ఒక సీమని పట్టి అందులో పడేసినాను.

అది కాళ్ళు కొట్టుకున్నాది. గిరగిరా తిరిగినాది. ఆగిపోనాది.

కాంతం కొడుకు గోలెం కాడ కూకుని తవుడు గుప్పిటతో తీసి నోట్లో ఏసుకుంటన్నాడు. కాంతం ఆడి దిక్కు సూసినాది, గిన్నె దిక్కు సూసినాది. గిన్నె తీసుకుని కడిగి, గోడ దిక్కు తిరిగి, తన పాలు పిండి తెచ్చి మా మద్దిన ఎట్టినాది. ఆవిడే సీమని ఏసినాది. అదీ సచ్చినాది.

"మునిగి సచ్చిందమ్మా," అన్నాడు మా బావ. ఆడి గొంతు నాకు కొత్తగా ఇనిపించినాది. "పాలైతేనేటి, నీళ్ళైతేనేటి. సీమ మునిగితే సావదేటి?"

అనేసి ఆ తువ్వాలు మొకానికి అడ్డమెట్టుకుని నేల మీద కూలబడిపోనాడు.

గెలిసినందుకు నాకు సంతోసం రావాల. రానేదు. బుల్లోడిది ఇసం కాదు, ఆకలి. ఇవతల నా పాలు గుడ్డల్లోకి కారిపోతంటే అవతల అరుగు మీద ఆడు ఆకలికి సచ్చిపోనాడు. పక్కగదిలో నానున్నాను. అత్త మీద ఎగబడాల, జుట్టు పట్టుకోవాల అని లేసినాను. ఇన్నేళ్ళ తిట్లన్నీ నోటిదాకా వొచ్చినాయి.

ఆవిడ నన్ను సూడ్డం నేదు. గుమ్మంలో ఒలికిన నా పాలు గచ్చు గుంటలో కొంచెం నిలిసి ఉన్నాయి. ఏలు ముంచి నాలిక మీద ఎట్టుకున్నాది.

"తియ్యగా ఉన్నాయే," అన్నాది.

తరవాత, ఎవులితోటో సెప్తన్నట్టు, "సూరిగాడికి పరీచ్చ ఎట్టనేదు. ఆడు పుట్టేతలికి మా అత్త సచ్చిపోనాది, ఎట్టేవోళ్ళు నేరు. ఆడికి నా పాలే పట్టినాను. ఆడూ కక్కేవోడు," అన్నాది. కొడుకు దిక్కు తిరిగినాది. "మరి ముందోళ్ళిద్దరూ?"

మా బావ తువ్వాలు తియ్యనేదు. కాంతం కొడుకునెత్తుకుని సప్పుడు సెయ్యకుండా ఎలిపోనాది. నాను నోరు తెరుసుకునే నిలబడున్నాను. ఒక్క తిట్టూ బైటికి రానేదు.

ఆవిడ మీద కోపం పోనాదని మాత్రం అనను. పోనేదు. ఆ రోజు నుంచీ నా పిల్ల నా కాడే తాగినాది, కొంచెం కొంచెంగా, తాగినాక నా బుజం మీద నిలబడే ఉండేది. కక్కేది, తగ్గేది, మళ్ళీ కక్కేది. అత్త పిల్లని అడగడం మానేసినాది. అన్నం ముద్ద కలుపుకుని, కంచంలోనే వొదిలేసి లెగిసిపోయేది. ఉయ్యాల ఊగినప్పుడల్లా ఇప్పుడు నాను కాదు, ఆవిడ లెగిసెల్లి అందులో సెయ్యెట్టి తడిమేది.

ఒక సందేల కాడ మళ్ళీ ఉగ్గుగిన్నె తెచ్చినాది. నాను పిల్లని అదిమి పట్టుకున్నాను.

"పరీచ్చకి కాదే," అన్నాది. "కొంచెం పాలు పిండు. అక్కడికి ఎల్లొద్దాం."

ఎక్కడికని నాను అడగనేదు. పిండి, పైన బాదమాకు మూసి ఆవిడ సేతికిచ్చినాను. గిన్నె ఆవిడ పట్టుకున్నాది, పిల్లని నాను బుజాన ఏసుకున్నాను, నడుసుకుంటా ఎల్లినాం. లారీలు పోయే రోడ్డు దాటితే ముళ్ళకంచె. కంచె అవతల నున్నగా, ఎర్రగా, అంతా ఒక్కలాగే ఉన్నాది. జీడిసెట్టు ఒక్కటి నేదు. ఏది తోటో, ఏది అంచో, ఏది నా బిడ్డ సోటో ఎలగ తెలుత్తాది? నాను ఏడిసేసినాను. అత్త మాత్రం కంచె పట్టుకుని కొంతదూరం నడిసి, కాలితో నేల తడిమి, ఒక సోట ఆగిపోనాది. ఆవిడకెలగ తెలిసినాదో నాను అడగనేదు.

కూకుని, ముళ్ళు గీసుకుపోతన్నా సెయ్యి కంచె అవతలకి పోనిచ్చి, గిన్నె వొంచినాది.

"పాలు మంచియ్యేరా నాయినా," అన్నాది. "మేం అన్న మాట ఇనకండి. తాగండి. మంచియ్యే."

ఒక సోట కొంచెం పోసినాది. సెయ్యి జరిపి ఇంకోసోట కొంచెం పోసినాది. గిన్నె తిరగేసి దులిపినాది. ఆవిడ ముంజేతి మీంచి రగతం కారతన్నాది, సూసుకోడం నేదు. నా బుజం మీద తవిటమ్మ గుక్కెడు కక్కినాది, నా మెడ మీంచి ఎచ్చగా దిగినాది. ఆ వాసనకో, ఏటికో, కుడిపక్క తడిసినాది.

అత్త ఎనక్కి తిరక్కుండానే కాళీ గిన్నె నా దిక్కు సాపినాది.

"సాల్నేదే వరాలూ. మీ వోడికి మిగల్నేదు. ముగ్గురు గదా."

నాను తవిటమ్మని ఆవిడ బుజాన నిలబెట్టి, కుడిపక్క గుడ్డ తీసేసినాను.